చేపకు నీళ్లు అలవాటయ్యేదాకా

ఎల్.బి.నగర్‌లో జంగయ్య ఇంటి మేడ మీద మల్లికార్జునరావు, ఇందిరాదేవి కిరాయికి ఉంటున్నారు. ఆయన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెబుతాడు. కాకినాడ వదిలొచ్చినా సముద్రం మీద మమకారం పోక, హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాడు.

కొత్త చేప వచ్చిందంటే అదొక తంతు. ముందు చేప ఉన్న ప్లాస్టిక్ సంచీని మూతి విప్పకుండా ట్యాంకులో తేలేస్తాడు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చాక, చేపను సంచీ నీళ్లతో సహా బకెట్లోకి దింపి, ముడి వేసిన సన్న గొట్టంతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతాడు. ఆ చుక్కలు పడుతున్నంతసేపూ హాల్లో ఉన్నవాళ్లు గాల్లో తేలుతారు. ఇందిరాదేవి ఆ వీలు చూసుకుని బూజు దులుపుతుంది. కింద నుంచి జంగయ్య భార్య అండాలమ్మ వచ్చి, పైకప్పు కింద బాసింపట్టు వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తూ కబుర్లు చెబుతుంది. తీసిన ఈనెలు కింద పడవు, అదొక్కటే చిరాకు.

జంగయ్య మాత్రం ఎప్పుడూ తేలలేదు. ఆర్టీసీ డ్రైవరు, పగలు ఇంట్లో ఉంటేగా! స్టీరింగ్ ముందు కూర్చుని కూర్చుని నడుము పాడై, పడుకుంటే నొప్పి. రాత్రిళ్లు కుర్చీలోనే కునుకు తీసేవాడు.

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగాయి, కోచింగులు మూతపడ్డాయి. అండాలమ్మ తమ్ముడు మహిపాల్ వచ్చాడు.

"ఏంది బావా, పొద్దంత తెలంగాణ కోసం కొట్లాడుతున్నవ్, ఇంటి మీద ఆంధ్రోళ్లను పెట్టుకున్నవ్. ఖాళీ చేపియ్యి, నేనొస్త."

మర్నాడు జంగయ్య మెట్లెక్కాడు.

మల్లికార్జునరావు అప్పుడే చుక్కలు మొదలుపెట్టి, కాలివేళ్లు సోఫా కిందికి దూర్చి కూర్చున్నాడు.

"రండి జంగయ్యగారూ. కిటికీ ఊచ పట్టుకోండి."

"పట్టుకునుడేం లేదు సారూ. ఒక్క మాట చెప్పిపోత. ఇల్లు..."

జంగయ్య కాళ్లు నేల విడిచాయి.

"ఇల్లు?"

"ఇల్లు ఖాళీ..." ఆయన వెల్లకిలా తిరిగి పైకి పోతున్నాడు. "...చెయ్యాలె."

మల్లికార్జునరావు మొహం పాలిపోయింది.

"ఈ ట్యాంకు కదిలిస్తే ఒక్క చేపా బతకదండీ! నీళ్లు కుదురుకోడానికే ఏడాది పట్టింది."

పైనుంచి గురక వినిపించింది.

"ఏమండీ, ఫ్యాను రెక్క తగుల్తుందేమో!" అంది ఇందిరాదేవి.

"కరెంటు లేదుగా."

పిలిస్తే అండాలమ్మ వచ్చింది. మొగుణ్ని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓయమ్మ, ఎన్నేండ్లకు నడుము వాల్చి నిద్రవోయిండు!"

తనూ పైకి తేలి, బట్టలారేసే తాడు ఒక కొస ఆయన నడుముకి, ఇంకో కొస కిటికీ ఊచకి కట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"సారూ, జర చుక్కలు తగ్గియ్యరాదు?"

మల్లికార్జునరావు గొట్టం ముడి ఇంకాస్త బిగించాడు.

కింద నుంచి మహిపాల్ కేకేశాడు. "బావా! చెప్పినవా లేదా?"

"ఉష్! మీ బావ పండుకున్నడు. లొల్లి చెయ్యకు!" అని అండాలమ్మ కిటికీలోంచి గదిమింది.

మధ్యాహ్నానికి బకెట్లో చేప విసుగెత్తి గుండ్రంగా తిరగసాగింది. ఇక ఆపితే దానికే ముప్పు. మల్లికార్జునరావు దాన్ని చిన్న వలతో తీసి ట్యాంకులో వదిలాడు. జంగయ్య మెల్లగా దిగి, ఇందిరాదేవి పరిచిన బొంత మీద వాలాడు. కళ్లు తెరిచి నడుము ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు.

"సారూ, నేనేమన్న అన్ననా?"

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నారండీ."

జంగయ్య ఖాళీ కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"నిద్రల కలవరిచ్చి ఉంట."

మహిపాల్‌కి బడంగ్‌పేట్‌లో ఒక గది చూసిపెట్టాడు. సమ్మె ఇంకా నడుస్తుండగానే ఒక ఉదయం దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్లి, పసుపు చేపతో ఒక సంచీ పట్టుకొచ్చాడు.

"మెల్లగ కలుపున్రి సారూ, దానికి తొందరేం లేదు," అన్నాడు, అప్పుడే కళ్లు మూసుకుంటూ.