పట్టని పేరు

బల్గేరియాలో స్మోల్యన్ అనే ఊళ్లోని జానపద భాండాగారంలో కంప్యూటర్లు చూసుకునేది జ్లాతినా ఒక్కతే. రొడోప్ కొండల్లోని ముసలమ్మల మాటలూ పాటలూ వాంగెల్ అనే ఆయన జీవితమంతా కాళ్లరిగేలా తిరిగి రికార్డు చేసుకొచ్చాడు. బూజుపట్టిన ఆ టేపుల్ని డైరెక్టరు హాజీయెవ్ గది ఖాళీ కావాలని పారేయించాడు. మిగిలిందల్లా వాటిని ఎక్కించిన ఒక పాత డిస్కు. అది ఎన్నాళ్లో ఆగదని పోరి పోరి, నకలు కోసం జ్లాతినా కొత్త డిస్కొకటి కొనిపించింది.

దాన్ని సిస్టమ్‌లో ఏదో ఒక ఫోల్డరుకు తగిలించాలి. అప్పుడే ఆ ఫోల్డరులో వేసినవి కొత్త డిస్కులోకి వెళ్తాయి. దాని ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు కనుక ఆ ఫోల్డరుకు సంస్థ పూర్తి పేరు, శాఖ పేరు, మొదటి డైరెక్టరు పేరు అన్నీ బల్గేరియన్‌లో ఉండాలన్నాడు హాజీయెవ్.

"అంత పొడుగు పేరుకి డిస్కు తగులుకోదు సార్. మన సిస్టమ్‌కి పేరు రాసుకోడానికి ఎనభై ఎనిమిది చోట్లే ఉన్నాయి. మన అక్షరం ఒక్కోటీ రెండేసి చోట్లు తింటుంది."

"ఇంగ్లీషు అక్షరమో?"

"ఒక్కటే."

"అంటే మన భాషను దాచే సంస్థలో మన భాషకే చోటు లేదంటావు. ఆ ముక్కేదో మంత్రిగారికి నువ్వే చెప్పు."

జ్లాతినా ఆయన చెప్పిన పేరే కొట్టింది. ఆ పేరుతో ఫోల్డరైతే తయారైంది కానీ డిస్కు దానికి తగులుకోలేదు. దాంతో ఆ ఫోల్డరులో వేసిన నకళ్లన్నీ వెళ్లి ఆ పాత డిస్కులోనే ఇంకో మూల పడ్డాయి. తెర మీద పేరు మెరిసింది. మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

వేడుకయ్యాక సరిచేయబోతే హాజీయెవ్ అడ్డుపడ్డాడు. "నడుస్తున్నదాన్ని కెలక్కు."

"అసలూ నకలూ ఒక్క డిస్కు మీదే ఉన్నాయి సార్."

"నీకు ప్రతిదీ గండమే. తనిఖీ అయిపోనీ, చూద్దాం."

తనిఖీ అయింది. తర్వాత ఆమె తల్లికి ఆపరేషన్ వచ్చింది. ఆ తర్వాత ఏ అడ్డూ లేదు. ఆయనతో మళ్లీ మాట పడడం ఎందుకని ఊరుకుంది, అంతే.

మంచు కురిసే రోజుల్లో కరెంటు పోయి వచ్చింది. పాత డిస్కు మళ్లీ తిరగలేదు. కొత్తది నిక్షేపంగా ఉంది, ఖాళీగా.

"నాకీ సాంకేతిక గొడవలేం తెలుస్తాయి? ఆవిడ చెప్పలేదు," అన్నాడు హాజీయెవ్ విచారణలో. చలి తగ్గకముందే జ్లాతినా ఉద్యోగం పోయింది. ఆయనది ఉంది.

ఒక సాయంత్రం వాంగెల్ ఆమె ఇంటికి వచ్చాడు. టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసా అమ్మాయ్?"

"తెలుసు బాబాయ్."

"నా చెవిన ఒక్క మాట వెయ్యలేకపోయావా? ఒక నకలు నా ఇంట్లోనే దాచుకునేవాణ్ని కదా."

ఆయనకు చెప్పాలని ఆమెకు ఏనాడూ తట్టనే లేదు. కాఫీ పోసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక ముసలమ్మ పాడిన పెళ్లిపాట ఎత్తుకున్నాడు. నడుమ ఆగిపోయాడు.

"మాటలు గుర్తున్నాయి. ఆవిడ పలికినట్టు పలకడమే రావట్లేదు."

కాఫీ ముట్టకుండా లేచాడు. మెట్ల దాకా తోడు వెళ్లబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.