పదకొండో మంచం అడిగిన నీళ్ళు

మా వదినతో వేగడం నా వల్ల కాదు. నర్సింగ్ కాలేజీ పిల్లలకి ఆస్పత్రిలో దగ్గరుండి పని నేర్పే మేడమ్ కదా, మా ఇల్లు కూడా ఓ వార్డే అనుకుంటుంది. నేను పరిచిన దుప్పటి మూలలు విప్పి మళ్ళీ మడుస్తుంది. వంటకి కూర్చుంటే నా గోళ్ళు తనిఖీ చేస్తుంది. ఇరవై ఏళ్ళలో మా ఆయన ఒక్కసారి "ఇక చాలక్కా" అన్న పాపాన పోలేదు.

వదిన పేరు ఫ్లోర్డెలిసా. మా ఊరు ఇలోయిలోలో ఆస్పత్రికి మా ఇల్లే దగ్గరని, ఈ నెల తన విద్యార్థిని రోవిలిన్‌ని తెచ్చి మా వెనకగదిలో పెట్టింది. ఆ పిల్లది గిమారాస్ దీవి. పొద్దున ఆరింటి డ్యూటీకి అక్కణ్ణించి పడవ అందదు. మాట తక్కువ, తిండీ తక్కువే. ఈ నెల డ్యూటీలు పూర్తయితేనే పై ఏడాదికి వెళ్తుంది.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ తడిసి ముద్దై ఆటోలాంటి ట్రైసికిల్ దిగారు.

"పదకొండో మంచం తాత పోయాడు," అంది వదిన గొడుగు దులుపుతూ.

"అయ్యో! దారిలో ఎక్కడైనా ఆగి వచ్చారా మరి?"

"ఈ వానలోనా? చదువుకున్నదానివి, దారిలో ఎక్కడా ఆగకపోతే పోయినవాళ్ళు వెంటపడి ఇంటికొస్తారంటే నమ్ముతావా?"

నమ్మను. అయినా బేకరీ దగ్గర ఆగి ఓ రొట్టె కొనుక్కొస్తే పోయేదేముంది? రోవిలిన్ మాత్రం గుమ్మం దాటకుండా నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని నేనే లోపలికి లాగాను.

మర్నాటి నుంచీ చప్పుడు మొదలైంది. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి, ఇనుప కడ్డీని చెంచాతో కొట్టినట్టు. టింగ్. టింగ్.

"తాత అలాగే పిలిచేవాడు ఆంటీ," అంది ఆ పిల్ల, పెదాలు ఎండిపోయి.

కొళాయేమో అనుకుని బిగించాను. చప్పుడు ఆగలేదు. మా ఇంట్లో చప్పుడు చెయ్యని మనిషి మా ఆయనొక్కడే కాబట్టి ఆయన్ని అనుమానించలేదు. ఆ రోజే పెరటి గట్టు మీద మూతపెట్టిన గ్లాసుడు నీళ్ళు కనబడ్డాయి. గురువారమూ అంతే. పిల్లే పెడుతోంది, పోనీలే అనుకుని కదపలేదు.

శుక్రవారం డ్యూటీ నుంచి వస్తూనే రోవిలిన్ బట్టలు సర్దడం మొదలెట్టింది.

"నాతో జంటగా డ్యూటీకి ఎవరూ రామంటున్నారు ఆంటీ. తాతతో కలిపి నా డ్యూటీలో ముగ్గురు పోయారుగా. నాకు పిర్ర మీద అరిష్టపు మచ్చ ఉందట, నేను అడుగుపెడితే ఎవరో ఒకరు పోవాల్సిందేనట."

"ఎవరే ఆ కూత కూసింది?"

"మేడమే. 'మచ్చ గాని ఉందా ఏంటే నీకు' అని నవ్వారు. ఇంకేం, అందరూ అందుకున్నారు." చేతిలో జాకెట్టు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "తాత నీళ్ళడిగాడు. 'ఒక్క గుక్కమ్మా' అన్నాడు. ఆపరేషన్ ఉందని, నోటికేమీ ఇవ్వకూడదని మంచానికి అట్ట వేలాడుతోంది. అయినా మేడమ్‌ని అడిగాను. 'అట్ట చదవడం రాదా?' అన్నారు. ఇవ్వలేదు. చెంచాతో కడ్డీ మీద కొడుతూనే ఉన్నాడు ఆంటీ. తర్వాత కొట్టడం ఆపేశాడు."

నాలుగింటి పడవకి వెళ్ళిపోతుందట. ఇక చదవదట.

వదినని దులిపేద్దామని పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ గట్టు మీద గ్లాసు పెడుతోంది. ఎంతమందికో సూది గుచ్చిన చెయ్యి, సగం నీళ్ళు ఒలకబోసింది.

"మీరా?"

"అరవకు."

"పోయినవాళ్ళు వెంట రారన్నారుగా?"

గ్లాసు మీద మూత పెట్టింది. తర్వాత గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆపరేషన్ పొద్దున్నే రద్దయింది. డ్యూటీ అప్పగించేటప్పుడే నాకు చెప్పారు, నీళ్ళివ్వచ్చని. అట్ట తీసెయ్యడం మర్చిపోయాను. ఆ పిల్ల వచ్చి అడిగినప్పుడైనా గుర్తుచేసుకోలేదు."

"ఇస్తే బతికేవాడా?"

"లేదు. గుండె ఆగింది. కనీసం నీళ్ళు తాగి పోయేవాడు."

టింగ్ అంది ఎక్కడో. ఇద్దరం గ్లాసు వంక చూశాం. పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉన్నాయి.

"లోపల ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది," అన్నాను. "తన వల్లే పోయాడనుకుంటోంది. వెళ్ళి చెప్పండి."

"కాలేజీలో తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

"తెలీదు. పడవ నాలుగింటికని మాత్రం తెలుసు."

వదిన చేతులు డ్యూటీ గౌనుకే తుడుచుకుని వెనకగది వైపు నడిచింది. ఆవిణ్ణి చూడగానే రోవిలిన్ అలవాటు చొప్పున లేచి నిటారుగా నిలబడింది.

"కూర్చో," అంది వదిన. తను మాత్రం కూర్చోలేదు. "తాతకి నీళ్ళివ్వచ్చని నాకు పొద్దున్నే తెలుసు. ఆ అట్ట తియ్యాల్సింది నేను, తియ్యలేదు. నువ్వు అడగాల్సినట్టే అడిగావు, నేనే చూడకుండా కసిరాను. మచ్చ మాట అంటించిందీ నేనే. సోమవారం డ్యూటీకి ముందు అందరి ఎదుటా ఇదే చెప్తాను, కాలేజీకి రాసిస్తాను కూడా." ఆ పిల్ల చేతిలోని జాకెట్టు తీసుకుని మంచం మీద పెట్టింది. "తప్పు నాది, రోవిలిన్. నీది కాదు."