మునగని గ్రహం

శని వేషం ఎవరు వేస్తారని హిమబిందు టీచర్ అడిగితే ఐదో తరగతి గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

అంతవరకూ పిల్లలు గ్రహాల కోసం ఎగబడ్డారు. బాలల దినోత్సవానికి తలా ఒక గ్రహమై, మైదానంలో సూర్యుడి చుట్టూ తిరుగుతూ తమ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బుధుణ్ణి సన్నీ పట్టేశాడు. సూర్యుడి పక్కనే ఉండి గబగబా చుట్టొచ్చే బుల్లి గ్రహానికి క్లాసులోకెల్లా పొట్టివాడు, పరుగులో మొదటివాడు తగినవాడేనని టీచరూ ఒప్పుకుంది. శుక్రుడంటే మీ నాన్నలు సముద్రం మీద చూసే వేగుచుక్కేనని, అది చుక్క కాదనీ, దాని మీద సీసం కూడా కరిగిపోతుందనీ చెప్పింది. పోర్టు పక్క ఇళ్ళ మీద పడే ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము చూశారు కదా, అంగారకుడి ఎరుపు కూడా ఆ ఇనుము తుప్పుదే అంది. మిగతా గ్రహాలన్నీ కలిపినా తనకి సరితూగవని గొప్పలు పోయే గురుడు అప్పలరాజుకి వచ్చాడు. పక్కకి ఒరిగి దొర్లుకుంటూ పోయే యురేనస్‌కీ, ఎక్కడో చివర గాలుల్లో నీలంగా తిరిగే నెప్ట్యూన్‌కీ కూడా మనుషులు దొరికారు. భూమి సాయిదుర్గకి వచ్చింది.

శని దగ్గరికి వచ్చేసరికి అందరూ బల్లల కేసి చూశారు. పిల్లల్ని అని ఏం లాభం? తెలుగింట్లో పుట్టిన పిల్లకి శని గ్రహంగా కంటే ముందు తిట్టుగానే పరిచయం అవుతాడు. పాలు ఒలికినా శనే, పరీక్ష తప్పినా శనే.

ఆఖరికి ధనశ్రీ చెయ్యెత్తింది. ఆ పిల్లకి పుస్తకంలో బొమ్మ నచ్చింది. అన్ని గ్రహాలూ ఉత్త బంతులు, ఇదొక్కటే నడుముకి వడ్డాణం పెట్టుకుని నిలబడింది. టీచర్ సంతోషపడి, చెప్పాల్సిన మాటలు దగ్గరుండి నేర్పింది.

"నేను శనిని. నా చుట్టూ ఉన్న వలయాలు మంచు ముక్కలు, రాళ్ళు. నేను చూడ్డానికి పెద్దదాన్నే కానీ నీటికన్నా తేలిక. నన్ను పట్టేంత సముద్రమే ఉంటే, నేను మునగను, తేలతాను."

జాలారిపేటలో ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే ధనశ్రీ ఆ మాటలు తండ్రికి అప్పజెప్పింది. నాగబాబు బోటు మీద వేటకెళ్ళే మనిషి. మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాలి. అయినా కూతురు చెప్పింది విని నవ్వాడు.

"తేల్తాదా? అయితే అది మనోళ్ళ గ్రహమే."

ఆ సాయంత్రమే కూర్చుని, ప్లాస్టిక్ పైపుని గుండ్రంగా వంచి, దాని చుట్టూ పాత వలముక్క బిగించి కుట్టాడు. బిస్కెట్ పేకెట్ల లోపలి వెండి కాగితం చింపి వల కన్నుల్లో గుచ్చాడు. ఎత్తి పట్టుకుంటే మెరిసిపోయింది. "మామ్మకి సూపించకు. నాను వచ్చినాక నిమ్మదిగా సెప్తాను," అని దాన్ని వాకిట్లో తడిక వెనక దాచి, సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. పక్కింటి వీర్రాజు, అంటే సాయిదుర్గ తండ్రి, అదే రోజు ఇంకో బోటులో వెళ్ళాడు.

మామ్మకి చూపించకు అనడానికి కారణం ఉంది. నాగబాబు తల్లి అప్పాయమ్మకి శని మాట వింటే కాళ్ళూ చేతులూ ఆడవు. ఆమె భర్త దాలయ్యకి ఏల్నాటి శని పట్టిందని పంతులు చెప్పిన ఏడే, ఆయన సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. కర్మ చెయ్యడానికి శవం కూడా దొరకలేదు. ఇప్పుడు కొడుక్కి అదే నడుస్తోందని మళ్ళీ పంతులే చెప్పాడు. అందుకని ప్రతి శనివారం మనవరాల్ని వెంటబెట్టుకుని గుడికి వెళ్ళి, నువ్వులూ నల్లగుడ్డా మూటకట్టి మెట్ల కింద కూర్చునే ఒకాయనకి దానం ఇచ్చేది. ఆయన మొహం పక్కకి తిప్పుకుని పుచ్చుకునేవాడు. వెనక్కి చూడకుండా వచ్చేయాలి.

"మరి ఆయనకేటవుద్ది మామ్మా?" అని ధనశ్రీ ఒకసారి అడిగింది.

"మనం ఇచ్చీసినాం, ఆడు పుచ్చుకున్నాడు. మన శని ఆడితో పోద్ది. ఆడి దారి ఆడిది," అంది అప్పాయమ్మ.

దాచిన వస్తువు ఎన్నాళ్ళు దాగుతుంది? తల్లి తాయారు చేపల బుట్టతో బజారుకి వెళ్ళిన వేళ చూసి, ధనశ్రీ ఆ వలయం నడుముకి తగిలించుకుని వాకిట్లో తిరుగుతూ మాటలు వల్లిస్తోంది. నీళ్ళబిందెతో వచ్చిన అప్పాయమ్మ చెవిలో "నేను శనిని" అన్న ముక్క పడింది. బిందె దింపడం కూడా మర్చిపోయి అక్కడే కూలబడింది. చీరంతా తడిసింది.

"మీ నాన్న సముద్రంలో ఉన్నాడే. ఇంట్లోకి దాన్ని తెత్తావా? ఎవళకైనా ఇచ్చీ. ఇయ్యాలే ఇచ్చీ. మనింట్లో ఉండకూడదు."

అరవలేదు, కొట్టలేదు. ఏడుస్తూ చెప్పింది. అందుకే ధనశ్రీకి భయం వేసింది.

మర్నాడు బడిలో ఆ పిల్ల సాయిదుర్గని పక్కకి పిలిచింది. "ఒలే, నువ్వు శని ఏత్తావా? నాను బూమి ఏత్తాను. ఇదిగో, ఇది నీకే." సాయిదుర్గ ఆ వెండి వలయం చూసి నోరు తెరిచింది. తన భూమి ఉత్త అట్టముక్క, దానికి నీలం రంగు కూడా సగమే వేసింది. అలాంటిది ఇంత అందమైనది తనకి ఇచ్చేస్తోందంటే స్నేహితురాలికి తనంటే ఎంత ప్రాణమో అనుకుంది. రెండు చేతులా పుచ్చుకుంది. ధనశ్రీ వెనక్కి చూడకుండా వచ్చేసింది.

టీచర్ ఊరుకోలేదు. ఎందుకు మార్చుకున్నావని అడిగింది. మామ్మ వద్దందని ధనశ్రీ చెప్పింది.

"శని ఎవరి జోలికీ రాదమ్మా. ఎన్నో కోట్ల కిలోమీటర్ల దూరంలో, దాని దారిన అది తిరుగుతూ ఉంటుంది. మనం ఉన్నామనే దానికి తెలీదు."

ఆ మాటకి ధనశ్రీ మనసు సగం తేలికపడింది. మిగతా సగం కూడా పడేదే. కానీ సుద్దముక్క పట్టుకున్న టీచర్ నడిమి వేలికి నీలిరాయి ఉంగరం కనిపించింది. అలాంటిదే తన తండ్రిని కూడా కొనుక్కోమన్నాడు పంతులు.

"అది శనికే గదా టీచర్?"

హిమబిందు టీచర్ గాజువాక నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, పాఠం బాగా చెప్తుంది, అబద్ధం చెప్పడం రాదు. "మా అత్తగారు పెట్టుకోమన్నారు," అని చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ తర్వాత నల్లబల్ల తుడుస్తూ చాలాసేపు ఇటు తిరగలేదు.

ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు, వేటకెళ్ళినవాళ్ళందరినీ వెనక్కి రమ్మని కబుర్లు పెట్టారు. వానకి బళ్ళు మూసేశారు, బాలల దినోత్సవం వాయిదా పడింది. బోట్లు ఒక్కొక్కటే హార్బర్లోకి దూరుతున్నాయి. నాగబాబు వచ్చాడు. ఒంటి మీద ఉప్పు తెల్లగా కట్టి, నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి కానీ, మనిషి నిక్షేపంగా వచ్చాడు. అప్పాయమ్మ కొడుకు మొహం రెండు చేతులతో తడిమి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, లోపలికి రానిచ్చింది.

"శని వదిలింది నాయనా," అంది.

వీర్రాజు బోటు రాలేదు. ఇంజను చెడిందని ఒకసారి వైర్‌లెస్ సెట్టులో వినిపించిందట, ఆ తర్వాత గొంతు లేదు. వెతకడానికి పెద్ద పడవలు వెళ్ళాయి. నాగబాబు తడిబట్టలైనా మార్చకుండా మళ్ళీ హార్బర్‌కి పోయి, మిగతా వాళ్ళతో జెట్టీ మీద నిలబడ్డాడు.

ధనశ్రీకి అన్నం సయించలేదు. గోడ అవతల సాయిదుర్గ తల్లి చిట్టమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే వినిపిస్తోంది, ఉండుండి ఆ మాట ఆగిపోతోంది. ఆ పిల్లకి లెక్క చాలా తేలిగ్గా తేలింది. తను ఇచ్చింది, అది పుచ్చుకుంది. తన నాన్న వచ్చాడు, దాని నాన్న రాలేదు. ఇంత చిన్న లెక్క టీచర్‌కి ఎందుకు తెలీలేదో అర్థం కాలేదు. పోనీ ఎవరికైనా చెబుదామంటే, అమ్మకి చెప్తే మామ్మకి తెలుస్తుంది, మామ్మకి చెప్తే ఏడుస్తుంది. గొంతులో ముల్లు పడ్డట్టు మింగలేకా కక్కలేకా ఆ మధ్యాహ్నమంతా తడిక దగ్గర కూర్చుంది. వాన కాస్త తెరిపిచ్చాక లేచి పక్కింటికి వెళ్ళింది.

సాయిదుర్గ గుమ్మంలో ఒక్కతే ఉంది. వలయం నడుముకే ఉంది.

"నాది నాకిచ్చీ," అంది ధనశ్రీ.

"ఇవ్వను. నువ్వే గదా ఇచ్చావ్."

"ఒలే, ఇచ్చీవే. నీ కాళ్ళట్టుకుంతాను."

"మా నాన్న వచ్చిన్దాకా ఇవ్వను," సాయిదుర్గ వలయాన్ని గట్టిగా పట్టుకుంది. "శని మునగదని టీచర్ సెప్పింది గదా. నాను శనిలాగుంటే మా నాన్న బోటు కూడా మునగదు. పడుకున్నప్పుడు కూడా తియ్యలేదు నాను."

చూస్తే నిజమే. వెండి కాగితాలు నలిగి సగం ఊడిపోయాయి, పైపు ఒకవైపు వొంగింది. దాన్ని చూశాక ధనశ్రీ తట్టుకోలేకపోయింది. దాచుకున్నదంతా కక్కేసింది. మామ్మ ఎవరికైనా ఇచ్చేయమందనీ, గుడిమెట్ల దగ్గర నువ్వులు ఇచ్చినట్టే తను ఇచ్చేసిందనీ, తమ శని వాళ్ళింటికి వచ్చేసిందనీ, అందుకే వాళ్ళ నాన్న రాలేదనీ చెప్పింది. సాయిదుర్గకి సగమే అర్థమైంది. లోపల గదిలో ఉన్న చిట్టమ్మకి మొత్తం అర్థమైంది.

చిట్టమ్మ బయటికొచ్చింది. కూతురు గింజుకుంటున్నా వలయం తలమీదుగా లాగేసి, పక్కింటి వాకిట్లోకి నడిచి, అప్పాయమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. రెండిళ్ళూ ఒకే కుళాయి నీళ్ళు పట్టుకుని, ఒకరింటి కూర ఒకరు తిని బతికిన ఇళ్ళు.

"నీ కొడుకు వచ్చాడత్తా. మంచిదే," అంది. "నా మొగుడు నీకేటి సేసాడు?"

గుడిమెట్ల దగ్గర దానం పట్టేవాడికి పేరు లేదు, ఊరు లేదు, కాబట్టి వాడి దారి వాడిది అని ఇన్నాళ్ళూ అప్పాయమ్మ హాయిగా అనేసింది. ఈ మనిషికి పేరుంది. వీర్రాజు ఆమె చేతుల్లో పెరిగినవాడు. ఆమె మనవరాలి వైపు చూసింది. ధనశ్రీ తల వంచుకుని నిలబడింది.

"సిట్టమ్మా, ఈ పిల్లననకు. దీనికి నేర్పింది నాను," అంది.

వంగి వలయం తీసుకుంది. దాన్ని విరిచేస్తుందనో, ముందు వీధిలో పారేస్తుందనో అనుకున్నారు. ఆమె దాన్ని తన తలమీదుగా వేసుకుని మెడలోకి దించుకుంది. "నా మీదే ఉండనీ. నాను ముసిల్దాన్ని. ఇంక దీన్ని ఎవళకీ ఇవ్వను," అని అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

వీర్రాజు బోటు మర్నాడు ఒరిస్సా వైపు తేలుతూ కనిపించింది, అందరూ బతికే ఉన్నారు, తాడుకట్టి లాక్కొచ్చారు. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఆ సాయంత్రం ఉన్నదల్లా హోరుగాలి, అరుగు మీద మెడలో వలముక్కతో ముసలమ్మ, నిలబడ్డచోటే నిలబడిపోయిన చిట్టమ్మ, అంతే.

సాయిదుర్గ ఏడుస్తూ వచ్చి ముసలమ్మ చెయ్యి పట్టి లాగింది. "మామ్మా, అది ఇచ్చీ. అది లేకపోతే నాన్న బోటు..."

"ఇది మంచిది కాదే తల్లీ."

"మంచిదే. అది మునగదు."

"ఏటి మునగదు?"

"శని."

అప్పాయమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. డెబ్బయ్యేళ్ళుగా శని గురించి ఎన్నో విన్నది. ముంచుతాడని విన్నది, తన మొగుణ్ణి ముంచాడనే నమ్మింది. ఈ మాట ఎవరూ చెప్పలేదు.

"ఎవళు సెప్పారు?"

సాయిదుర్గ ముక్కు తుడుచుకుని, చేతులు కట్టుకుని, బడిలో నిలబడ్డట్టు నిలబడి చెప్పింది. "నేను శనిని. నా చుట్టూ ఉన్న వలయాలు మంచు ముక్కలు, రాళ్ళు. నేను చూడ్డానికి పెద్దదాన్నే కానీ నీటికన్నా తేలిక. నన్ను పట్టేంత సముద్రమే ఉంటే..." అక్కడ ఆగి సముద్రం కేసి చూసింది.

ఆ మాటలు ముందు నేర్చుకున్నది ధనశ్రీ. అది దగ్గరికొచ్చి మిగతాది అందించింది. "నేను మునగను, తేలతాను."

చిట్టమ్మ వచ్చి అరుగు చివర కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ చినుకు మొదలైంది. ముసలమ్మ మెడలో వలయాన్ని రెండు చేతులా పట్టుకుని, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే అంది.

"మళ్ళీ సెప్పండే."