నొప్పి తగ్గిన రోజు

కుడి డొక్కలో నొప్పి మొదలైనప్పుడు నేను తిట్టుకున్నది నా కటింగ్ బల్లని. రోజంతా దాని అంచుకు పక్కటెముకలు ఆనించి బట్ట కత్తిరించే టైలర్ని, ఇంకేమనుకుంటాను? వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాను, దూది పెట్టి గుడ్డ చుట్టాను. బల్ల మెత్తబడింది గానీ నొప్పి మెత్తబడలేదు. నూనె పదార్థం తిన్నప్పుడల్లా పొడుచుకొచ్చి కుడి భుజం దాకా పాకేది. మా అత్తగారు గ్యాస్ అన్నారు. ఆడదన్నాక ఓర్చుకోవాలన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి చలిజ్వరంతో వణుకుతుంటే ఆస్పత్రిలో చేర్చారు. పిత్తాశయంలో రాయి దారికి అడ్డుపడిందని, ఆ తిత్తి వాచి చీము పట్టిందని, ఆపరేషన్ చేసి తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన అన్నయ్య, అంటే మా బావగారు, మీనమేషాలు లెక్కపెట్టారు. రాళ్లను కరిగించే కషాయమేదో ఉందట. ఆయన మాటకు మా ఆయన ఎప్పుడు ఎదురాడాడు గనక.

మర్నాడు పొద్దున ఉన్నట్టుండి నొప్పి తగ్గిపోయింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. బావగారు ఆటో కూడా పిలిచేశారు. నేను మాత్రం నుదుటి మీద చెయ్యి వేసి చూసుకున్నాను. జ్వరంతో ఒళ్లు అలాగే కాలిపోతోంది. జ్వరం దిగకుండా నొప్పి పోతే వెంటనే చెప్పమంది డాక్టరమ్మ. తిత్తి కుళ్లి చిల్లు పడబోయే ముందు ఒక్కోసారి అలాగే అవుతుందట.

"లే, ఆటో ఆగి ఉంది," అన్నాడు మా ఆయన.

మంచం కమ్మీ పట్టుకున్నాను. "లేవను. పొట్ట నాది. మీ అన్నయ్యకి అంత తొందరగా ఉంటే ఆయన్నే ఎక్కి పొమ్మను. నన్ను తీసుకెళ్లాలంటే మంచంతో సహా మొయ్యాలి."

వార్డంతా మావైపే చూసింది. చూడనీ, సిగ్గుపడాల్సింది నేను కాదు. నర్సును కేకేసి, డాక్టరమ్మను పిలవమన్నాను, ఆపరేషన్ కాగితం మీద సంతకం నేనే పెడతానన్నాను. భయమేసింది, అబద్ధమెందుకు?

తీసేసరికి తిత్తి సగం నల్లబడిపోయిందట. ఇంకో పూట ఆగితే చీము పొట్టంతా పాకేదట. అది విని బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

మగవాళ్లు మందులకు వెళ్లాక అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత తన కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నాకూ ఇక్కడే వస్తుందే. నీ పెళ్లికి ముందునుంచీ."

కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కుట్లు లాగుతున్నా లేచి కూర్చుని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"డాక్టరమ్మ వచ్చేదాకా వదలను, అత్తయ్యా. ఏం చేసుకుంటారో చేసుకోండి."