ఎర్రకాళ్ల కప్పలు

గుంటూరులో కప్పల జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒకటుందంటే గుంటూరు వాళ్లే నమ్మరు. మనుషులకే దిక్కులేక ఆస్పత్రి వరండాల్లో పడుంటే కప్పలకు డాక్టర్లేమిటని ఆటోవాళ్లు కూడా నవ్వుతారు. నస్రత్‌కు ఆ నవ్వు అలవాటైపోయింది. ఆటో ఎక్కితే "కాలేజీ వెనక గేటు" అంటుంది తప్ప ల్యాబ్ పేరెత్తదు.

ల్యాబ్ అంటే మేడలూ అద్దాలూ ఊహించుకోవద్దు. ఒక పాత డిగ్రీ కాలేజీలో సైకిల్ స్టాండుగా వాడిన రేకుల షెడ్డుకు గోడలు లేపి, ఏసీ బిగించి, మూడు గదులు చేశారు. ఒక గదిలో యంత్రాలు, రెండో గదిలో కప్పల తొట్లు, మూడోది మేడమ్ గది. పనిచేసేది ముగ్గురు. ముగ్గురిలో ఎవ్వరూ చిన్నప్పుడు కప్పల జోలికి పోవాలని కలగన్నవాళ్లు కారు.

రెబెకా మేడమ్ పశువుల డాక్టరు కావాలనుకున్నారు, సీటు రాలేదు. జువాలజీ చదివి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఢిల్లీ చుట్టూ తిరిగి తిరిగి మూడేళ్ల ప్రాజెక్టు ఒకటి సాధించారు. ఊళ్లో వాళ్లంతా మనవల్ని ఆడించే వయసులో ఆవిడ కప్పల చర్మం మీద బూజు వెతకడం మొదలుపెట్టారు.

మరియదాసుది ఇంకో దారి. పర్చూరు పక్క పల్లెవాడు. కుర్రతనంలో కాలవగట్ల వెంట కప్పలు పట్టి, కాళ్లు కోసి, విదేశాలకు పంపే కంపెనీకి అమ్మేవాడు. ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేశాక కాలేజీల్లో కోతలకు బతికున్న కప్పల్ని తెచ్చిచ్చేవాడు. కోతలూ ఆపేశారు. ఇక చేసేది లేక మిరప చేలల్లో మందు కొట్టుకుంటుంటే, పాత పరిచయంతో రెబెకా మేడమ్ కబురు పెట్టారు. లక్ష కప్పల్ని చంపినవాడికి అరవయ్యోపడిలో కప్పల ఆరోగ్యం చూసే ఉద్యోగం దొరికిందన్నమాట. ఏ కప్ప ఏ తూములో ఉంటుందో, ఏ వానకు బయటికొస్తుందో అతనికి తెలిసినట్టు ఏ పుస్తకానికీ తెలీదు.

నస్రత్‌ది అద్దంకి. ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం కోసం కళ్లు కాయలు కాసేలా చూసి, చివరికి అక్కడే రక్తపరీక్షల సెంటర్లో చేరింది. నాలుగేళ్లు జనం చేతులకు సూదులు గుచ్చింది. ఒక రోజు ఒక పెద్దాయన నరం దొరక్క మూడుసార్లు పొడిస్తే ఆయన ఏమీ అనలేదు గానీ, ఆయన భార్య అన్న మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇక్కడికొచ్చాక చేసే పని వేరు. కప్పను తడి చేతొడుగుతో పట్టుకుని, పొట్ట మీదా తొడల మీదా కాలివేళ్ల మధ్యా దూదిపుల్లతో రాసి, ఆ పుల్లను గొట్టంలో వేసి, పేరూ తేదీ రాయడం. కప్ప భార్య వచ్చి తిట్టదు.

మొదటి ఏడు ఏమీ దొరకలేదు. రెండో ఏడు వానలకు మరియదాసు తెచ్చిన కప్పల్లో తొడలు ఎర్రగా కందిపోయినవి కనిపించాయి. బూజు పరీక్ష చేశారు, లేదు. సూక్ష్మజీవుల పరీక్ష చేశారు, అదీ లేదు. తెలిసిన జబ్బులేవీ కావని తేలేసరికి రెబెకా మేడమ్ కళ్లు మెరిశాయి. తెలిసినది కాకపోతే తెలియనిదే కదా! పైగా తొట్లో మంచినీళ్లలో రెండు రోజులుంచితే ఎరుపు దానంతటదే పోతోంది. దాని మీద ఆవిడ, పర్చూరు కప్పల్లో ఉన్న అసాధారణమైన రోగనిరోధక శక్తి గురించి, రెండు పేజీలు రాశారు. మూడో ఏడు ఎర్రకాళ్ల లెక్క రెండు వందల పదకొండుకు చేరింది.

వచ్చే మార్చితో ప్రాజెక్టు అయిపోతుంది. ఇది కొత్త జబ్బేనని పైవాళ్లు ఒప్పుకుంటే ల్యాబ్ మరో ఐదేళ్లు నడుస్తుంది, నస్రత్ రీసెర్చ్ ఆఫీసరవుతుంది, అచ్చయ్యే వ్యాసంలో మొదటి పేరు ఆమెదే. ఒప్పుకోకపోతే షెడ్డుకు తాళం, ఆమెకు మళ్లీ అద్దంకి, మళ్లీ సూదులు. అది తేల్చడానికే అక్టోబరులో ఒక మంగళవారం హారిక అనే సైంటిస్టు బెంగళూరు నుంచి వచ్చింది. నలభై లోపు మనిషి. తెలుగామే గానీ పెరిగిందంతా బయట. సాయంత్రం ఐదింటికి తిరుగు రైలు.

పొద్దున గంటసేపు హారిక కాగితాలు చూసింది. చక్కగా మాట్లాడింది, టీ తాగింది, మేడమ్ రాసిన రెండు పేజీలూ రెండుసార్లు చదివింది. పదకొండింటికి మరియదాసు ఆ రోజు పట్టిన కప్పల బకెట్ తెచ్చి గడప లోపల పెట్టాడు. ఒక్కో కప్ప ఒక్కో తడి గుడ్డసంచిలో, మూతికి దారం, దారానికి చీటీ. అంతా పద్ధతి ప్రకారం. హారిక ఒక సంచి తీసి, మొహం దగ్గరగా పెట్టుకుని, దారం విప్పింది. విప్పీ విప్పగానే తుమ్మింది. ఒకటి కాదు, వరసగా ఐదు.

"రైల్లో ఏసీ పడలేదేమో," అన్నారు మేడమ్. "నస్రత్, నా బ్యాగులో జలుబు బిళ్ల ఉంటుంది చూడు."

హారిక ముక్కు తుడుచుకుని రెండో సంచి విప్పింది. మళ్లీ తుమ్ములు. కళ్లమ్మట నీళ్లు. కిటికీ దగ్గరికెళ్లి నిలబడితే తగ్గాయి. ఇటొస్తే మొదలయ్యాయి. కప్ప తొడలు మాత్రం చక్కగా, కుంకుమ రాసినట్టు ఎర్రగా ఉన్నాయి. మేడమ్ వాటిని చూపిస్తుంటే హారిక రుమాలు అడ్డం పెట్టుకుని తలాడించింది. "చాలా ఆసక్తికరంగా ఉందండి. ఫైలు పంపడానికి నాకైతే అభ్యంతరం కనబడట్లేదు," అంది.

ఆ మాట కోసం నస్రత్ మూడేళ్లు ఎదురుచూసింది. తీరా వినబడినప్పుడు ఆమె మనసు అక్కడ లేదు. హైదరాబాద్ నుంచి అత్త ఫాతిమా ఎప్పుడు వచ్చినా గుంటూరు బస్టాండులో దిగగానే తుమ్ముతుంది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి కొడితే కొత్తవాళ్లందరూ అంతే. ఈ ఊరివాళ్ల ముక్కులు మాత్రం ఆ ఘాటుకు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. పక్కన టిక్కీలకు టిక్కీలు, అంటే గోనె బస్తాలకు బస్తాలు, మిర్చి దించుతున్నా నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

మేడమూ హారికా భోజనానికి పక్కగదిలోకి వెళ్లారు. నస్రత్ ఖాళీ గుడ్డసంచి ఒకటి తీసి వాసన చూసింది. తడిగుడ్డ వాసన. ఇంకేం లేదు. గుమ్మం వైపొకసారి చూసి, ల్యాబ్‌లో చెయ్యకూడని పనుల్లో మొట్టమొదటిది చేసింది. సంచి అంచును నాలుక్కి తగిలించింది.

నాలుక భగ్గుమంది.

చదువుకున్న పిల్ల కాబట్టి అక్కడితో ఆగలేదు. బీరువాలోంచి వాడని కొత్త సంచి తీసి, నీళ్లలో ముంచి, అదీ నాకింది. చప్పగా ఉంది. నోరు పుక్కిలించి ఉమ్మి, కాస్సేపు సింకు పట్టుకుని నిలబడింది. మంట తగ్గుతున్నకొద్దీ భయం పెరిగింది.

మరియదాసు వరండాలో క్యారేజీ విప్పుకుంటున్నాడు.

"దాసు బాబాయ్, ఈ సంచుల్ని పర్చూరు నుంచి ఎట్టా తెస్తున్నావు?"

"బస్సులోనమ్మా. రెండో ఏడు నుంచి జీపు తీసేశారుగా."

"అది కాదు. దేంట్లో పెట్టుకొస్తున్నావు?"

"గోనెలో. మరి రెండున్నర గంటల ప్రయాణమాయె. ఈ పల్చటి సంచులు చిలకలూరిపేట వచ్చేసరికే ఎండిపోతాయి, లోపల కప్ప గిలగిల్లాడిపోద్ది. అందుకని అన్నిట్నీ పెద్ద గోనెలో సర్ది, దారి పొడుగునా సీసాతో నీళ్లు కొట్టుకుంటా వస్తా. ఇంతవరకూ దార్లో ఒక్కటీ చావలేదు, చూసుకో," అన్నాడు గర్వంగా.

"ఏం గోనె?"

"ఏం గోనేంటమ్మా, మిర్చి టిక్కీయే. మా ఇంటిది పుల్లమ్మ యార్డులో తొడిమలు తీసే పనికి పోద్దిగా, అక్కడ్నించి తెచ్చింది. చిరిగినప్పుడల్లా కొత్తది తెస్తది. ఊరికే వాడట్లేదు, నాలుగుసార్లు ఉతుకుతా. మీరు చెప్పినట్టు బ్లీచింగు కూడా వేస్తా."

"మరి మాకెప్పుడూ కనబడలేదే?"

"బయటి సంచులేయీ గడప దాటకూడదని మేడమ్ గారు బోర్డు రాసి పెట్టారుగా! గేటు కాడే బకెట్లోకి మార్చి, గోనెను గోడ మీద ఆరేస్తా." అతను క్యారేజీ గిన్నె పక్కన పెట్టాడు. "ఏమ్మా, ఏవన్నా తప్పు జరిగిందా?"

నస్రత్ లోపలికొచ్చేసింది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ప్రతి కప్పకూ ఒక ఫారం ఉంటుంది. అందులో రవాణా అనే గడి ఉంటుంది. ఆ ఫారాలు తీసి చూసుకుంది. రెండు వందల పదకొండింటిలోనూ, తన గుండ్రటి అక్షరాల్లో, "జీపు, ఐస్‌పెట్టె" అని ఉంది. మొదటి ఏడు ఫారం ముందు పెట్టుకుని మారని గడులన్నీ చూసి రాసేయడం ఆమెకు అలవాటు. ఏసీ గదిలో కూర్చుని లేని జీపును రెండేళ్లపాటు నడిపింది. గోనె అని ఒక్కసారి రాసి ఉంటే ఎవరో ఒకరు ఏం గోనె అని అడిగేవారు.

పది నిమిషాలు ఆమె దుర్మార్గంగానే ఆలోచించింది. హారిక ఒప్పేసుకుంది. ఐదింటికి రైలెక్కుతుంది. బాబాయికి కొత్త ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొనిస్తే వచ్చే ఏడు ఎరుపుండదు. జబ్బు తగ్గుముఖం పట్టిందని రాయొచ్చు. ఎందుకు తగ్గిందో వెతకడానికే ఐదేళ్లు పడుతుంది. ఈ ముక్క తనకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. అద్దంకి సెంటరు, ఆ ఇరుకు గది, చేతికి కట్టే రబ్బరు పట్టీ గుర్తొచ్చాయి. నాలుక చివర ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

లేచి పక్కగది తలుపు కొట్టింది.

చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. బకెట్లోంచి తెచ్చిన సంచీ, కొత్త సంచీ, ఫారాల కట్టా బల్ల మీద పెట్టింది. హారిక తడి సంచి వాసన చూసి, మళ్లీ తుమ్మి, నవ్వాలా వద్దా తెలియనట్టు మేడమ్ వైపు చూసింది. రెబెకా మేడమ్ కలుపుతున్న పెరుగన్నం అలాగే వదిలేశారు.

"నిరోధక శక్తి గురించి రెండు పేజీలు రాశాను కదమ్మా," అన్నారు.

"చదివానండి," అంది హారిక.

"నాకూ అనుమానం రావాల్సింది. రెండు రోజుల్లో పోయే జబ్బేమిటని." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచారు. తుడిచిందే తుడిచారు.

హారిక ఫైలు మూసింది. "ఇది నేను పైకి పంపలేనండి. మార్చి వరకు ఉన్న పని పూర్తిచెయ్యండి. అయితే రిపోర్టులో కారణం రాయాలి. ఆ ఫీల్డ్ అసిస్టెంటు గారి పొరపాటని రాద్దామా?"

"కాదండి," అంది నస్రత్. "ఆయన గోనె తెచ్చాడు, అడిగితే గోనె అనే చెప్పాడు. జీపని రాసింది నేను. నా పేరు పెట్టి రాయండి."

మేడమ్ పెరుగన్నం గిన్నెకు మూత పెట్టేశారు.

బయటికొచ్చేసరికి మరియదాసు అన్నం ముట్టకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. నస్రత్ అతని పక్కన గట్టు మీద చతికిలబడి అంతా చెప్పింది. మిర్చి గోనె సంగతి, ఫారాల సంగతి, మార్చి తర్వాత ముగ్గురికీ పని ఉండదన్న సంగతి. అతను కళ్లార్పకుండా విన్నాడు. కోపమొస్తుందేమో, తలకాయ కొట్టుకుంటాడేమో అని ఆమె ఎదురుచూసింది.

"అయితే కప్పలకేం లేదా?" అన్నాడు.

"ఏం లేదు బాబాయ్."

"ఒక్కదానిక్కూడా జబ్బు లేదా? నా గోనె మంటేనా అది?"

"అంతే."

మరియదాసు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "స్తోత్రం ప్రభువా," అన్నాడు. "రెండేళ్లాయె తల్లీ, నాకు నిద్ర సరిగ్గా లేదు. కుర్రతనంలో చేసిన పాపమే వాటికి తెగులై తగిలిందేమో, చచ్చేలోపు పర్చూరు కాలవల్లో కప్పనేదే లేకుండా పోయిద్దేమో అనుకున్నా. మీరు సంతోషంగా రాసుకుంటుంటే ఏం చెప్తాంలే అని ఊరుకున్నా."

నస్రత్‌కు సిగ్గేసింది. ఒళ్లంతా కాలినట్టు సిగ్గేసింది. రెండు వందల పదకొండు కప్పల్ని చేత్తో పట్టుకుంది. ఇవి బాగుంటే బాగుండునని వాటిలో ఒక్కదాన్ని చూసైనా అనుకున్నానా అని వెతుక్కుంది. అనుకోలేదు. ఒక్కో ఎర్రకాలు కనబడ్డప్పుడల్లా అల్‌హమ్దులిల్లా అని అల్లాను స్తుతించుకుంది.

"తొట్లలో ఉన్నయ్యీ, ఇయ్యాళ తెచ్చినయ్యీ ఏం చేద్దాం? రేపు పట్టుకుపోయి వదిలిపెట్టనా?" అన్నాడు మరియదాసు.

"రేపెందుకు, ఇవాళే వదిలేద్దాం. నేనూ వస్తా."

"నువ్వెందుకమ్మా? బస్సులో నుంచోవాల్సొస్తది."

"నుంచుంటాలే," అంది నస్రత్. కొత్త సంచులు తేవడానికి లోపలికెళ్లింది.