నడుములోతు నీళ్లు

రబ్బరు సూట్లను ఒక్కోదాన్నీ మంచినీళ్లలో రెండుసార్లు ముంచి, పిండకుండా నీడలో వేలాడదీయాలి. పొద్దున్నే నా మొదటి పని అది. తర్వాత ఫోన్లు, టీలు, చిరిగిన తెరచాపలకు అతుకులు. మా ఆయన విండ్‌సర్ఫింగ్ నేర్పుతాడు. బోర్డు మీద నిలబడి, తెరచాప పట్టుకుని, గాలివాటున నీళ్లమీద సాగిపోవడం. గేటు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది.

నాకు ఇంకో పని ఉంది, దానికి పేరు లేదు. కొత్తవాళ్లను ఏ రోజు ఏ ఒడ్డుకు తీసుకెళ్లాలో తేల్చడం. తెల్లారగానే కట్టుబట్టలతోనే నడుములోతు దాకా నడిచి, అడుగున రాళ్లా ఇసుకా అని పాదాలతో తడిమి చూస్తాను. కొత్తవాళ్లు వందసార్లు పడతారు; పడిన చోటే లేచి నిలబడగలగాలి. గాలి పక్కనుంచి కాస్త ఒడ్డుకేసి వీచాలి, అలిసిపోయినవాళ్లను అదే ఒడ్డున పడేస్తుంది. మా ఆయన పళ్లు తోముకుంటూ ఇదంతా వింటాడు. గంట తర్వాత "నా అనుభవంలో" అని మొదలుపెట్టి వాళ్లకు అప్పజెబుతాడు. ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ఆరేళ్లుగా నేనూ బోర్డెక్కుతున్నాను. అత్తగారు దాన్ని పనిలేని ఆట అంటుంది.

ఆ ఆదివారం పన్నెండు మంది వచ్చారు. హోటల్ ముందున్న ఒడ్డుకే పోదామన్నాడాయన. అక్కడ చూసే జనం ఉంటారు. అక్కడికి చేరేసరికి ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉన్నాయి. అంటే గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తోందన్నమాట. ఇవాళ ఇక్కడ వద్దు, కొండ వెనకున్న ఒడ్డుకు పోదాం, అక్కడ గాలి ఒడ్డుకేసే వీస్తుంది అన్నాను. ఆయన అందరివైపూ తిరిగాడు.

"మా ఆవిడకి తెలిసిన గాలి బట్టలారేసే గాలి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు. వంట కుదిరితే వాళ్లమ్మ నేర్పిందంటాడు, మాడితే నా చేతి మహిమ అంటాడు; పదకొండేళ్లుగా రెండింటికీ నవ్వుతూనే ఉన్నాను. ఆ పన్నెండు మందిలో ఒక నర్సు మాత్రం నవ్వలేదు. యాభై దాటిన మనిషి, ఈత అంతంతమాత్రమే అని ముందురోజు ఫోన్లో నాకే చెప్పింది. నీళ్లకేసి చూసింది, తర్వాత నాకేసి. ఇన్నాళ్లూ నా నవ్వుకు నష్టపోయింది నేనే. ఇవాళ ఈవిడ పోయేలా ఉంది.

ఖాళీ సీసాకు మూత బిగించి నీళ్లలోకి విసిరాను. అందరూ చూస్తుండగానే అది ఆగకుండా లోలోపలికి పోయింది.

"మీరు పడితే మీరూ అటే," అన్నాను. "బోర్డు వెనక్కి తిప్పుకోవడం రానివాళ్లు నాతో రండి."

నర్సు ముందు కదిలింది. తర్వాత ఇద్దరు. చివరికి అందరూ. కొండ వెనక నీళ్లలో ఆవిడ ముప్పైసార్లు పడింది, ముప్పై ఒకటోసారి నిలబడింది.

మర్నాడు భోజనాల దగ్గర మా ఆయన, నలుగురిలో పరువు తీశావన్నాడు. మొగుడి మాట కొట్టిపారేసే ఆడది కొంప నిలబెట్టదని అత్తగారు అంది. పన్నెండు మందీ క్షేమంగా వాళ్ల కొంపలకు చేరారు కదా అన్నాను. అప్పుడే నర్సు ఫోన్ చేసింది. ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. నేను ఫోన్ ఇవ్వలేదు. మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలని ఆవిడ అడిగింది. రేపు ఏడింటికి, కొండ వెనక అని చెప్పాను.

"నేర్పేది ఎవరండీ?"

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నాకేసే చూస్తున్నాడు. ఆయన్ని చూస్తూనే చెప్పాను.

"నేనే."