యమున దవడ మింద గూడు

...అదే పుష్పక్కా, చెప్తా చెప్తా అని ఇన్ని దినాలు చేసినా, ఏమనుకోవద్దు. మగ్గం పనిలో తీరిక యాడుండాది?

మా అక్క కూతురు యమునను పెనుకొండ పక్కన పల్లెలో ఇచ్చినాం కదా, వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. పొద్దున లేస్తే ఆకు కోసేది, తరిగేది, పురుగులకేసేది. ఒక పంట గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోతానే ఇంగో పంట షెడ్డులోకి వస్తాది.

ముందొకసారి యమునకు ఎడం దవడెముకలో సిస్టు లేస్తే హిందూపురంలో ఆపరేషన్ చేసి తీసినారు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, "ఇది మళ్ళా వచ్చే జాతి పాపా. నొప్పి ఉండదు, నీకు తెలీదు. ఏటేటా ఎక్స్‌రేకు రావల్ల. ముదిరితే దవడెముకే కోసి తీసేయాల్సొస్తాది."

సరే అనింది. పోలేదు. "ఈ పంట దిగినాక పోదాంలే" అనేది. పంట దిగేలోపల ఇంగో పంట.

పోయినేడు ఎండాకాలం పురుగులు పండినాయి. గూళ్ళు కట్టేకి వాటిని తడికెల మింద ఏసే దినం ఎవురూ ఇల్లు కదలరు, బయటోళ్ళని షెడ్డులోకి రానీరు. యమున అలిసిపోయి ఆన్నే గోడకానుకోని కునుకు తీసింది. ఒక పురుగు తడికె దిగి, భుజమెక్కి, ఎడం దవడ మింద గూడు కట్టేసింది. పచ్చగా, బంగారం మాదిరి.

అత్త జయలక్ష్మమ్మ చూసి, "పీకొద్దు పాపా, పోగు తెగుతాది" అనింది.

పక్కింటి గుల్షన్ గడప బయట్నుంచే తొంగి చూసి, "మంచి గట్టి గూడే కట్టిందే! మార్కెట్టుకు నిన్నే ఏసుకోని పోవల్ల" అని నవ్వింది.

జయలక్ష్మమ్మ నవ్వలేదు. "ఇంత తావుండంగా ఆన్నే ఏల కట్టింది? లేయ్, డాక్టరమ్మ కాడికి పోదాం."

"పంటత్తా?"

"పంట పోతే ఇంగోటొస్తాది. దవడొస్తాదా? లేయ్‌మే!"

బయటోళ్ళు కాలు పెట్టని షెడ్డును గుల్షన్ చేతికిచ్చి బస్సెక్కినారు.

ఎక్స్‌రేలో చూస్తే మళ్ళా వచ్చిండాది, కందిగింజంత. గూడు కింద్నే. డాక్టరమ్మ, "మంచి టయానికొచ్చినారు, ఎముక గట్టిగుండాది. నేను నోట్లోనుంచి గీకి తీస్తా. గూడు కదలకుండా పండుకో పాపా" అనింది.

పురుగు గూడు కొరుక్కోని బయటికొస్తే ఆ గూడు దండగ కదక్కా, పట్టు ఇంట్లో ఎవురూ రానీరు. దీన్ని మాత్రం ముట్లేదు. పురుగుకు రెక్కలొచ్చి, గూడు ఇడిసి, తెల్లగా యమున చెంప మింద కూచుంటే జయలక్ష్మమ్మ రెండు చేతులెత్తి మొక్కింది. గుల్షన్ పంటంతా దింపి పెట్టింది, ఆయమ్మకూ మొక్కల్ల. నేనైతే ఈడ ధర్మవరంలో పట్టు పోగు ముట్టుకున్నప్పుడల్లా మొక్కుతాండా.

ఇప్పుడు ఏటా ఒక పంట ఆపేస్తారు, ఎక్స్‌రే కోసం. మొన్న పోయొచ్చినారు, ఏమీ లేదంట. అట్లే మా ఇంటికొచ్చి, యమున వేయించిన చెనిక్కాయలు తినింది. ఎడం పక్కనే, కరకరా! నేను పని ఇడిసిపెట్టి ఆ సప్పుడే ఇంటా నిలబడిపోయినా. అప్పుడు ఆ పిల్ల నన్ను చూసి ఏమనిందంటే...

"లచ్చిందేవీ, కండెలైపోయినాయి, రామ్మే!"

ఆఁ, వస్తాండా! అక్కా, మా ఆయన మగ్గం కాడ్నుంచి...